కొత్త నోడ్ క్లస్టర్‌లో చేరకపోతే

క్లస్టర్ అంటే ఒకే పనిని పంచుకుని చేసే సర్వర్ల గుంపు. 1994లో నాసా గొడ్డార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ 16 మామూలు కంప్యూటర్లను ఈథర్‌నెట్‌తో కలిపి బేవుల్ఫ్‌ను కట్టాక, ఇది పెద్ద సంస్థలకే పరిమితమైన విద్యగా మిగల్లేదు. రాజాం, టెక్కలి, విజయనగరం లాంటి చోట్ల ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుకైనా నాలుగు పాత కంప్యూటర్లు, ఒక స్విచ్, లినక్స్ ఉంటే చాలు. చిక్కు వచ్చేది తర్వాత, నడుస్తున్న గుంపులోకి ఇంకో నోడ్‌ను, అంటే ఇంకో కంప్యూటర్‌ను, చేర్చబోయినప్పుడు.

నోడ్ చేరలేదనగానే ఫార్మాట్ కొట్టి మొదటికి రావడం చాలా ల్యాబుల్లో అలవాటు. దాంతో పాటే తప్పు ఆనవాలూ చెరిగిపోతుంది. ముందు లాగ్ చదవాలి, అదీ రెండు వైపులా: కొత్త నోడ్‌లో ఒకటి, గుంపును నడిపించే హెడ్ నోడ్‌లో ఒకటి. ‘టైమ్డ్ అవుట్’ అని ఉంటే జవాబే రాలేదని అర్థం. కేబుల్, స్విచ్, ఫైర్‌వాల్ చూడాలి. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని ఉంటే సాధారణంగా దారి బాగానే ఉంది, అవతల ఆ పోర్టులో సర్వీసు నడవడం లేదు. పింగ్ వెళ్లినంత మాత్రాన పోర్టు తెరిచి ఉన్నట్టు కాదు. క్లస్టర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్లలో కుబెర్నెటిస్‌కు 6443, స్లర్మ్‌కు 6817, 6818 పోర్టులను విడిగా పరీక్షించాలి.

తర్వాత పేర్లు. ఉబుంటు, డెబియన్ తమ హోస్ట్‌నేమ్‌ను 127.0.1.1కు ముడిపెట్టి ఉంచుతాయి. దాన్ని మార్చకపోతే కొత్త నోడ్ ఆ చిరునామానే తనదిగా మిగతావాటికి చెప్పుకోవచ్చు. అవి అక్కడికి వెతుక్కుంటూ వెళ్లి తమ దగ్గరికే తిరిగొస్తాయి. ఒక డిస్క్‌ను క్లోన్ చేసి తయారుచేసిన నోడ్‌లలో మెషీన్ ఐడీ కూడా ఒకటే అయిపోతుంది. అప్పుడు రెండింటికీ ఒకే ఐపీ దక్కే ప్రమాదం ఉంది.

ఉత్తర కోస్తాలో అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది గడియారాన్ని. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. కరెంటు లేక మూలపడి ఉన్న పాత కంప్యూటర్‌లో సీమాస్ బ్యాటరీ అయిపోతే, మళ్లీ ఆన్ చేసినప్పుడు తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. స్లర్మ్ వాడే మంజ్ గుర్తింపు మామూలుగా 5 నిమిషాలే చెల్లుతుంది. గడియారం అంతకు మించి తేడాగా ఉంటే తాళంచెవి సరైనదైనా నోడ్‌ను రానివ్వదు. సర్టిఫికెట్లు కూడా ‘ఇంకా అమల్లోకి రాలేదు’ అని తిరగ్గొడతాయి. బ్యాటరీ మార్చి, గడియారాన్ని సరిచేసే క్రోనీ పెట్టుకోవాలి. తుపానుకు ఇంటర్నెట్టూ పోతుంది కాబట్టి బయటి టైమ్ సర్వర్‌నే నమ్ముకోకుండా హెడ్ నోడ్ నుంచే మిగతావన్నీ సమయం తీసుకునేలా అమర్చడం మేలు.

తాళాల సంగతి తేలిక. మంజ్ కీ ఫైలు అన్ని నోడ్‌లలో అక్షరం తేడా లేకుండా ఉండాలి. కుబెర్నెటిస్‌లో కుబెడిఎమ్ ఇచ్చే జాయిన్ టోకెన్ గడువు మామూలుగా 24 గంటలు. నిన్నటి ఆదేశాన్ని ఇవాళ అతికిస్తే పనిచేయకపోవడం సహజమే.

అసలు ప్రమాదం మెజారిటీ లెక్కలో ఉంది. కుబెర్నెటిస్ తన సమాచారాన్ని దాచుకునే ఎట్‌సీడీలో ముగ్గురు సభ్యులుంటే ఏ నిర్ణయానికైనా రెండు ఓట్లు కావాలి. ఒకటి చచ్చిపోయింది కదా అని దాని బదులు నాలుగోదాన్ని చేరిస్తే, పేరు నమోదైన క్షణం నుంచి మూడు ఓట్లు అవసరమవుతాయి. కొత్తది ఏ చిన్న తప్పు వల్లనో లేవకపోతే బతికున్నవి రెండే. ఇక క్లస్టర్ మొత్తం రాతలు ఆపేస్తుంది. అందుకే చచ్చినదాని పేరు ముందు తీసేసి, ఆ తర్వాతే కొత్తదాన్ని చేర్చాలి. 2019లో వచ్చిన 3.4 వెర్షన్ నుంచి కొత్త సభ్యుణ్ణి ఓటు లేని ‘లెర్నర్’గా చేర్చే వీలుంది. ఆ జాగ్రత్తను ఎవరూ వదులుకోకూడదు.

చేరిన తర్వాత కూడా స్లర్మ్‌లో నోడ్ ‘డ్రెయిన్’ అని చూపిస్తూ పని అందుకోకపోవచ్చు. కారణం చాలాసార్లు మెమరీ లెక్కే: కాన్ఫిగరేషన్‌లో 16 జీబీ అని నిండుగా రాస్తారు, ఆపరేటింగ్ సిస్టమ్‌కు కనిపించేది అంతకన్నా కొంచెం తక్కువ. ‘స్లర్మ్‌డీ’ని పెద్ద సీ ఆప్షన్‌తో నడిపి, అది చూపిన అంకెనే ఫైల్లో రాసి, నోడ్‌ను ‘రెజ్యూమ్’ చేసి, చిన్న జాబ్ ఒకటి పంపి చూడాలి.