నవలలోని దయ్యము, ఇంటిలోని బిడ్డ

దయ్యము పట్టిన కుటుంబాల నవలలు చదువవచ్చునా అని యౌవనస్థులు మమ్మును అడుగుతుంటారు. 1971లో అమెరికాలో విలియం పీటర్ బ్లాటీ వ్రాసిన 'ది ఎక్సార్సిస్ట్'ను మేమూ చదివాము (పగటివేళ మాత్రమే!). 1949లో ఒక బాలుని గూర్చి పత్రికలలో వచ్చిన వార్త దానికి ఆధారము. నవలలో తల్లి మొదట వైద్యుల యొద్దకే పరుగెత్తుతుంది. చదివినవారికి మంచము ఊగినదే గుర్తుంటుంది గాని ఇది గుర్తుండదు.

జర్మనీలో అనెలీసె మిషెల్ అను యువతికి మూర్ఛరోగమని వైద్యము జరిగింది. 1975 సెప్టెంబరు మొదలు పది నెలలలో ఇద్దరు యాజకులు 67 మారులు దయ్యమును వెళ్లగొట్టు ప్రార్థనలు చేశారు. ఆమె తిండి మానివేసింది. చివరి దినాలలో వైద్యుని పిలువలేదు. 1976 జూలై 1న, 23 ఏండ్లకు, చిక్కి శల్యమై మరణించింది. 1978లో న్యాయస్థానము తల్లిదండ్రులను, యాజకులను దోషులుగా తేల్చింది. వారు బిడ్డను ప్రేమించనివారు కారు. మా భయమంతా అదే.

మత్తయి సువార్త 4:24 దయ్యము పట్టినవారిని, చాంద్రరోగులను వేరువేరుగా చెప్పింది. చాంద్రరోగమంటే మూర్ఛయే. 17వ అధ్యాయములో చాంద్రరోగియైన బాలుని నుండి దయ్యము వెళ్లిన మాట నిజమే. ఆ ఒక్కటి పట్టుకొని మందులు మాన్పించేవారున్నారు. మూర్ఛ మందు హఠాత్తుగా ఆపితే ఫిట్లు ఇంకా తీవ్రమవుతాయి.

ఒక సాయంకాలము ఒక తల్లి కూతురిని మా యొద్దకు తెచ్చింది. ప్రార్థించాము. "అమ్మా, బిళ్లలు వేస్తున్నావా?" అని అడిగాము. తల వంచుకొంది. మందుల షాపు మూయకముందే సంఘపెద్ద ఒకరు చీటీ పట్టుకొని సైకిలెక్కారు.