ఆ గడి మేమే గీశాం

2020 మార్చి 30 రాత్రి తెలంగాణ ముఖ్యమంత్రి కార్యాలయం ఒక ప్రకటన ఇచ్చింది. ఢిల్లీలోని తబ్లిగీ జమాత్ కేంద్రం నిజాముద్దీన్ మర్కజ్‌లో ప్రార్థనలకు వెళ్లొచ్చిన వాళ్లలో ఆరుగురు కరోనాతో చనిపోయారనీ, అక్కడికి వెళ్లినవాళ్లంతా అధికారులకు తెలియజేయాలనీ దాని సారాంశం. అది జనానికి చెప్పి తీరాల్సిన సంగతి. దాచి ఉంటే నేరమయ్యేది. ఇండోనేసియా నుంచి కరీంనగర్ వచ్చిన మత ప్రచారకులకు పాజిటివ్ అని అప్పటికే తేలింది కాబట్టి, తెలుగు నేల మీద ఇదేమీ ఊహాగానం కాదు. ఆ వార్త రాసినందుకు ఎవరూ సిగ్గుపడక్కర్లేదు. సిగ్గుపడాల్సింది ఆ తర్వాతి రోజుల్లో మేం చేసిన పనికి. మేం అంటే తెలుగు వార్తా రంగంలో ఉన్నవాళ్లం అందరం: డెస్కుల్లో సబ్‌ఎడిటర్లు, మండలాల్లో కంట్రిబ్యూటర్లు, స్టూడియోల్లో యాంకర్లు, ఎడిషన్ ఇన్‌ఛార్జులు.

విద్వేషం అనగానే మైకు పట్టుకుని అరిచేవాడు కళ్లముందు మెదులుతాడు. మాలో చాలామంది అరవలేదు. ఒక గడి గీశారు, అంతే. రోజూ సాయంత్రం కేసుల పట్టిక వేసేవాళ్లం కదా: జిల్లా, మొత్తం కేసులు, కోలుకున్నవారు, మృతులు. ఏప్రిల్ మొదటి వారంలో దాని పక్కన 'మర్కజ్ లింకు' అని ఇంకో గడి వచ్చి చేరింది. సర్కారు లెక్కే అని సర్దిచెప్పుకున్నాం. నిజమే, కేంద్ర ఆరోగ్య శాఖ ఆ అంకె విడిగా చెప్పేది. ఏప్రిల్ 18న 14,378 కేసుల్లో 4,291 మర్కజ్‌తో ముడిపడినవనీ, అంటే దాదాపు 30 శాతమనీ చెప్పింది. ఆ శాతాన్ని హెడ్డింగుకు ఎక్కించాం. అప్పట్లో టెస్టు కిట్లకే కరువు. విదేశాల నుంచి వచ్చినవాళ్లకూ, వాళ్ల కాంటాక్టులకూ, జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరినవాళ్లకూ తప్ప పరీక్షలు చేసేవాళ్లు తక్కువ. మర్కజ్ వెళ్లొచ్చినవాళ్లను మాత్రం ఊరూరా వెతికి, దగ్గు జ్వరం లేకపోయినా పరీక్షించారు. వెతికినచోట కేసులు దొరికాయి. వెతకనిచోట ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు. ఈ మాత్రం లెక్క మాకెవరికీ తట్టలేదంటే అబద్ధం. తట్టినవాళ్లం పైకి అనలేదు.

ఆ మార్చి నెలంతా ఎలా గడిచిందో గుర్తు చేసుకుంటే మా తప్పు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మార్చి 13న కేంద్ర ఆరోగ్య శాఖే ఇది ఆరోగ్య అత్యవసర పరిస్థితి కాదని చెప్పింది. తిరుమలలో భక్తుల దర్శనాలు 20న ఆగాయి. 22న జనతా కర్ఫ్యూ సాయంత్రం కొన్ని ఊళ్లలో పళ్లేలు మోగిస్తూ జనం గుంపులుగా రోడ్డెక్కారు. 24 రాత్రి నాలుగు గంటల వ్యవధితో లాక్‌డౌన్ ప్రకటించారు. దేశమంతా కదులుతున్న ఆ నెలలో ఒక్క గుంపుకే మతం పేరున లెక్క కట్టాం. మిగతావాళ్లకు కట్టకపోవడం సరైన పనే, వీళ్లకూ కట్టకుండా ఉండాల్సింది. మర్కజ్ నిర్వాహకుల బాధ్యత గురించి ఎంత కటువుగానైనా రాయొచ్చు. మేం అక్కడ ఆగలేదు. నిర్వాహకుల దగ్గర మొదలుపెట్టి, వెళ్లినవాళ్ల మీదుగా, వీధి చివర పండ్ల బండి దాకా వచ్చేశాం.

ఆ పండ్ల బండి కథ కొంచెం వివరంగా చెప్పాలి. ఏప్రిల్ మొదట్లో ఒక వీడియో దేశమంతా తిరిగింది. మధ్యప్రదేశ్ రాయ్‌సేన్‌లో ఒక ముస్లిం వ్యాపారి వేలు నోటితో తడుపుకుంటూ బండి మీద పండ్లు సర్దుతుంటాడు. కావాలనే ఉమ్మి పూసి వైరస్ అంటిస్తున్నాడని ప్రచారం. ఆ వీడియో ఫిబ్రవరి 16 నాటిది. మర్కజ్ సమావేశానికి దాదాపు నెల ముందు, దేశంలో మొత్తం కేసులు మూడే ఉన్నప్పుడు తీసింది. నోట్లు లెక్కపెడుతూ, పుస్తకం పేజీలు తిప్పుతూ వేలు తడుపుకోనివాళ్లు మనలో ఎంతమంది? నిజం తేలేలోపే జరగాల్సింది జరిగింది. ఉత్తరాదిలో బండ్లవాళ్ల దగ్గర ఆధార్ కార్డు అడిగి మరీ వెళ్లగొట్టారు. ఇక్కడ కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో 'వాళ్ల దగ్గర కొనకండి' అన్న మాట కింద సాక్ష్యంగా పెట్టడానికి మా క్లిప్పింగులు ఉన్నాయి.

అవే రోజుల్లో పేపరు ముట్టుకుంటే కరోనా అంటుకుంటుందని జనం పత్రికలు మానేశారు. సర్క్యులేషన్ పడిపోయింది, పేజీలు తగ్గాయి, ఎందరివో ఉద్యోగాలు పోయాయి. అప్పుడు మేం ఏం చేశాం? పేపరు వల్ల వైరస్ రాదని డాక్టర్లతో చెప్పించాం, శాస్త్రీయ ఆధారాలు వెతికాం, ప్రకటనలు వేసుకున్నాం. పుకారు పొట్ట కొడితే ఎలా ఉంటుందో మాకు ఆ ఏప్రిల్‌లోనే తెలిసింది. పండ్ల బండివాడి తరఫున మాత్రం ఒక్క డాక్టరుకు ఫోన్ చేయలేదు.

ఏప్రిల్ 17న మీరట్‌లో ఒక ఆసుపత్రి హిందీ పత్రికలో ప్రకటన ఇచ్చింది: కొత్తగా వచ్చే ముస్లిం రోగులు కరోనా నెగెటివ్ రిపోర్టు తెస్తేనే రావాలని. అది క్యాన్సర్ ఆసుపత్రి. పోలీసులు కేసు పెట్టారు, ఆసుపత్రి క్షమాపణ చెప్పింది. నన్ను ఇప్పటికీ వేధించేది ఆసుపత్రి కాదు. ఆ ప్రకటన డబ్బులు తీసుకున్నవాళ్లు, డిజైన్ చేసినవాళ్లు, పేజీలో కూర్చోబెట్టినవాళ్లు, ప్లేటు చూసి ఓకే అన్నవాళ్లు. ఇన్ని చేతులు దాటి అది అచ్చయింది. ఆ పేజీ మా ఆఫీసుకు వచ్చి ఉంటే ఆగేదా? ఆగేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను.

చట్టం గట్టిగా ఉంటే ఇదంతా జరిగేది కాదనేవాళ్లతో నేను ఏకీభవించను. మతాల మధ్య వైరం రెచ్చగొట్టడాన్ని శిక్షించే ఐపీసీ 153ఎ అప్పుడూ ఉంది. మత భావాలను కించపరచడాన్ని శిక్షించే 295ఎ అప్పటికి 1927 నుంచీ ఉంది. మా గడి వాటిలో దేని కిందికి వచ్చేది? అంకె అబద్ధం కాదు, అందులో తిట్టు లేదు. పైగా కఠిన చట్టం వస్తే ముందు దొరికేది ఎవరో ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఎ చూపించింది. 2012లో పాల్‌ఘర్‌లో బంద్ మీద ఫేస్‌బుక్‌లో నాలుగు మాటలు రాసిన ఒక అమ్మాయినీ, దానికి లైక్ కొట్టిన ఇంకో అమ్మాయినీ అరెస్టు చేశారు. 2015లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది, మంచి పని చేసింది. ఏది రాయాలో ఏది రాయకూడదో స్టేషన్ హౌస్ ఆఫీసర్ తేల్చే రోజు రాకూడదనే కోరుకుంటాను. అలా కోరుకునేవాళ్లం మా హద్దు మేమే గీసుకోవాల్సింది. గీసుకోలేదు.

రాజ్యాంగం 19(1)(ఎ)లో పత్రిక అన్న మాట లేదు. ఎందుకు లేదో 1948 డిసెంబరులో అంబేడ్కర్ రాజ్యాంగ సభలో వివరించారు: సంపాదకుడూ పౌరుడే, పౌరుడికి లేని ప్రత్యేక హక్కేదీ పత్రికకు ఉండదని. అంటే నాకెంత ఉందో ఆ బండాయనకూ అంతే ఉంది. ఆయన గురించి పేజీలు నింపాం, ఆయన మాటకు సింగిల్ కాలం ఇవ్వలేదు. చానళ్లలో ఒక మతపెద్దను నలుగురి మధ్య కూర్చోబెట్టి 'ఖండిస్తారా లేదా' అని నిలదీశాం, ఆయన వాక్యం పూర్తయ్యేలోపు బ్రేక్ తీసుకున్నాం. అందరిదీ అయిన స్వేచ్ఛను మా ఒక్కరిదీ చేసుకుని, సాటి పౌరుడి నోరు మూయించడానికి వాడాం. ఏ మత సమావేశంలోనైనా ఇలా జరగొచ్చు, దీన్ని ఒక మతానికి అంటగట్టొద్దని ఏప్రిల్ 4న అప్పటి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్ చెప్పేదాకా ఆగాల్సిన అవసరం మా సంపాదకీయాలకు లేదు.

తర్వాత తీర్పులు వచ్చాయి. 2020 ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం మర్కజ్‌కు వచ్చిన విదేశీయుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేశారనీ, మీడియాలో పెద్ద ఎత్తున ప్రచారం జరిగిందనీ అంది. డిసెంబరు 15న ఢిల్లీ కోర్టు 36 మంది విదేశీయులను నిర్దోషులుగా వదిలేసింది. 2021 సెప్టెంబరు 2న అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ, ఒకప్పుడు తెలుగు పత్రికలో విలేకరిగా పనిచేసిన మనిషి, మీడియాలో ఒక వర్గం ప్రతిదానికీ మతం రంగు పులుముతోందని, దానివల్ల దేశానికి చెడ్డపేరు వస్తుందని అన్నారు. 2025 జులై 17న ఢిల్లీ హైకోర్టు, విదేశీయులకు ఆశ్రయమిచ్చిన 70 మంది భారతీయుల మీది కేసులు కూడా కొట్టేసింది. అయిదేళ్లు కోర్టుల చుట్టూ తిరిగిన ఆ మనుషుల మీద ఆ రాత్రి ఏ తెలుగు చానల్లోనూ ఒక గంట చర్చ నేను చూడలేదు.

2020 ఏప్రిల్ నాటి హెడ్డింగులు మా ఆన్‌లైన్ సంచికల్లో ఇప్పటికీ దొరుకుతాయి. ఎవరైనా పేరు కొట్టి వెతికితే మొదట వచ్చేవి అవే. వాటిని తీసేయమని నేననను, మేం ఏం రాశామో మా తర్వాతివాళ్లు చదవాలి. కానీ ప్రతి వార్త కిందా కోర్టు ఏం తేల్చిందో, ఏ తేదీన తేల్చిందో రెండు లైన్లు చేర్చడానికి సెక్షన్లు అక్కర్లేదు, కోర్టు ఉత్తర్వు అక్కర్లేదు. ఒక సబ్‌ఎడిటరు నాలుగు రోజులు కూర్చుంటే అయ్యే పని. ఆ పని మొదలుపెట్టాలి, ఆ గడితోనే మొదలుపెట్టాలి.