చెరసాలలో చేవ్రాలు

సంతకానికి మన భాషలో చేవ్రాలు అని ఒక చక్కని మాట ఉన్నది. చేతి వ్రాత అని దాని అర్థం. పాలమూరు, నల్లగొండ పల్లెలలో దీనినే దస్కతు అంటారు. అక్షరం రానివాడు వేసే బొటనవ్రేలి గుర్తును నిశాని అంటారు. పేరు ఏదైనా భావం ఒక్కటే. ఈ కాగితంలోని మాట నాది, నా ఇష్టంతో చెప్పినది, రేపు దీనికి కట్టుబడి ఉంటాను అని మనిషి లోకానికి ఇచ్చే హామీ అది. అట్లయినప్పుడు, స్వేచ్ఛ లేని చోట పెట్టిన చేవ్రాలు మాటేమిటి? చెరసాలలో ఉన్న మనిషి చేతిని నడిపించినది అతని మనస్సేనని ఎవరు సాక్ష్యం చెప్పగలరు? తెలుగు పాఠం చెప్పుకొనే నావంటివానికి ఈ చట్టాల గొడవ ఎందుకని పాఠకులు అడగవచ్చును. అక్షరాలు నేర్పేవారికి, ఆ అక్షరాలను మనిషి ఎక్కడ, ఏ స్థితిలో వాడుకోవలసి వస్తుందో కూడా పట్టవలసి ఉన్నదని నా మనవి.

జైలు గోడ మనిషిని ఆపుతుంది గాని అతని సంసారాన్ని ఆపదు. దేవరకొండ మెట్టలలోనో, అచ్చంపేట వైపునో రెండెకరాల చెలక గల రైతు ఒకడు ఏదో కేసులో రిమాండు అయినాడనుకొందాం. బయట బ్యాంకు అప్పు గడువు మీద పడుతుంది. భూమి తగాదాలో వాయిదా వస్తుంది. వకీలును పెట్టుకోవాలంటే వకాల్తునామా మీద అతని చేవ్రాలు కావాలి. భార్య అతని తరఫున వ్యవహారం చక్కబెట్టాలంటే పవరాఫ్ అటార్నీ కావాలి. అఫిడవిట్టు దాఖలు చేయాలంటే ప్రమాణం చేయించి ముద్ర వేసేవారు కావాలి. నోటరీ కోర్టు దగ్గర బల్ల వేసుకొని కూర్చుంటాడు. రైతు గోడ వెనుక ఉంటాడు. నడుమ దూరం మైలైనా ఉండకపోవచ్చును. ఆ మైలు దాటించలేక ఇంటివారు పడే తిప్పలు మాత్రం ఇన్నీ అన్నీ కావు.

తప్పు చేసినవానికి ఇన్ని సదుపాయాలెందుకు అనేవారు లేకపోలేదు. 2022 చివర మన దేశపు జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అనగా తప్పు చేసినట్లు ఇంకా రుజువు కానివారు. ఇక శిక్ష పడినవారి సంగతి. విశాఖపట్టణం జైలులోని ఖైదీలు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంపై వేసిన కేసులో సుప్రీంకోర్టు 1974లో ఒక మాట స్పష్టం చేసింది. శిక్ష పడినంత మాత్రాన మనిషి హక్కులన్నీ తుడిచిపెట్టుకొని పోవని, ఆస్తిని సంపాదించుకొనడానికి, ఉంచుకొనడానికి, ఇతరులకు ఇచ్చుకొనడానికి జైలువాసం అడ్డు కారాదని ఆ తీర్పు సారాంశం. తరువాత 44వ రాజ్యాంగ సవరణ ఆస్తిహక్కును ప్రాథమిక హక్కుల నుండి తొలగించినా, చట్టం ఇచ్చిన హక్కుగా అది అందరికీ మిగిలే ఉన్నది.

ఖైదీ చేవ్రాలును గోడ ఇవతలికి రానీయడానికి చట్టం ఎన్నడూ విముఖంగా లేదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టమే, జైలులో ఉన్నవాడు కచేరీకి రానక్కరలేదని, రిజిస్ట్రారే జైలుకు వెళ్లి అతనిని విచారించవలెనని, లేదా అందుకై కమిషనును నియమించవలెనని చెప్పుచున్నది. పవరాఫ్ అటార్నీ విషయంలోనూ, అది ఇష్టపూర్వకంగా వ్రాసి ఇచ్చినదేనా అని తెలిసికొనడానికి అధికారి జైలుకు పోవచ్చునని అందులో ఉన్నది. 2020 నుండి తెలంగాణలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను తహసీలుదారుల చేతికి వచ్చింది గనుక, ఈ బాధ్యతలో వారికీ పాలున్నది. నోటరీల చట్టం 1952లో వచ్చింది. 1956 నాటి నియమాలు నోటరీకి రుసుముతో పాటు ప్రయాణపు ఖర్చు కూడా ముట్టవచ్చునని చెప్పినవి. అనగా నోటరీ తన బల్ల విడిచి కదలవలసి ఉంటుందని నియమాలు వ్రాసినవారు ఎరుగుదురు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్న ప్రతి వ్యక్తి, అతని ఆదాయం ఎంత అన్న ప్రశ్న లేకుండా, ఉచిత న్యాయసహాయానికి అర్హుడు. చట్టాలు ఇన్ని ఉన్నవి. వాటిని జైలు గుమ్మం వరకు నడిపించే ఏర్పాటే కావాలి.

అయితే ముద్ర దొరకడం ఒక్కటే ఇక్కడి సమస్య అనుకొంటే పొరబాటు. ఖైదీ వకాల్తునామా సాధారణంగా జైలు అధికారి ధ్రువీకరణతో బయటికి వస్తుంది. ఆ అధికారి ఎంత సజ్జనుడైనా కావచ్చును. కాని అతని తిండి, నిద్ర, ములాఖతు అన్నీ ఎవరి చేతిలో ఉన్నవో, ఆ వ్యక్తే అతని స్వేచ్ఛకు కూడా సాక్షి కావడం ధర్మం కాదు. తాళంచెవి పట్టినవాడు వేరు, సాక్షి వేరుగా ఉండాలి. ఇది కొత్త సూత్రమూ కాదు. నిర్బంధంలో ఉన్నవాని మాటను జాగ్రత్తగా తూచవలెనని మన సాక్ష్య చట్టం 1872లోనే గుర్తించింది. పోలీసుల అదుపులో చేసిన నేరాంగీకారం, మేజిస్ట్రేటు ఎదుట చేసినదైతే తప్ప చెల్లదన్నది. 2024లో అమలులోకి వచ్చిన కొత్త చట్టమూ ఆ నియమాన్ని నిలిపింది. నోటి మాటకు ఇంత కాపుదల ఉన్నప్పుడు చేతి వ్రాతకు ఎందుకు ఉండరాదు?

జైలులో ఉన్నవాని భూమి మీద కన్నువేసేవారు బయట ఉంటారు. అప్పిచ్చినవాడు కావచ్చును, దాయాది కావచ్చును. బెయిలుకు డబ్బు కావాలి, ఇక్కడ నిశాని వెయ్యి అంటే ఆ స్థితిలో కాదనగల గుండె ఎంతమందికి ఉంటుంది? నిజాం పాలనలో కోర్టుల భాష ఉర్దూ. తనకు రాని లిపిలోని కాగితం క్రింద నిశాని వేసిన తెలుగు రైతు గోడు మన తాతలు ఎరుగుదురు. నేటి ఖైదీ ఎదుటికి వచ్చే ఆంగ్లపు దస్తావేజు అతనికి దానికంటే దగ్గరదేమీ కాదు. పైగా నోటరీ ముద్ర పడితే భూమి చేతులు మారినట్లేనని పల్లెలలో ఒక భ్రమ ఉన్నది. అది నిజం కాదు. పవరాఫ్ అటార్నీలతో, ఒప్పంద పత్రాలతో స్థిరాస్తి హక్కు బదిలీ కాదని, రిజిస్టరైన విక్రయ దస్తావేజు ఉండవలెనని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది. ఈ ఒక్క ముక్క ఖైదీకి చెప్పేవాడు ఉంటే ఎన్నో కొంపలు నిలుస్తవి.

అమెరికాలో ఇంటింటికీ, ఆసుపత్రులకూ, జైళ్లకూ తిరిగే నోటరీలు ఉన్నారు. పిలిచినవారు ఖర్చు పెట్టుకొంటారు. ఉపయోగమే గాని, డబ్బున్న ఖైదీకే ఆ తలుపు తెరుచుకొంటుంది. మనకు కావలసినది వేరు. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లా జైళ్లలో వారానికి ఒక రోజు నియమించాలి. ఆ రోజున నోటరీ, ఆయన వెంట న్యాయసేవల సంస్థ పంపిన వకీలు రావాలి; వారి ఖర్చు ఆ సంస్థే భరించాలి. కాగితాన్ని ఖైదీ ఎరిగిన భాషలో, తెలుగైతే తెలుగులో, ఉర్దూ అయితే ఉర్దూలో, లంబాడీ అయితే ఆ మాటలో చదివి వినిపించాలి. ఆ సమయంలో జైలు సిబ్బంది కంటికి కనబడే దూరంలో ఉండవచ్చును. చెవికి వినబడే దూరంలో ఉండరాదు. ఆస్తికి సంబంధించిన కాగితమైతే, చదివిన వారానికి గాని చేవ్రాలు తీసికొనరాదు. చివరకు ఒక నకలు ఖైదీ చేతిలో పెట్టాలి.

నకలు చిన్న విషయంగా తోచవచ్చును. 1978లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన హోస్కాట్ కేసులో, 1973 నాటి హైకోర్టు తీర్పు నకలు తనకు అందలేదని ఖైదీ అన్నాడు, అందజేసినామని అధికారులు అన్నారు. అందినట్లు ఖైదీ ఇచ్చిన రసీదు లేదు. తీర్పు నకలును ఖైదీకి వెంటనే ఇచ్చి, వ్రాతపూర్వకంగా రసీదు తీసికొనవలెనని కోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఇదంతా వీడియో ద్వారా జరపరాదా అని కొందరంటారు. దూరపు సాక్షుల విచారణకు ఆ యంత్రం మేలే. కాని తెర మీద ఖైదీ ముఖం కనబడుతుంది. తెరకు అవతల అతని ప్రక్కన ఎవరు నిలుచున్నారో కనబడదు. ఈ పనికి మనిషి ఎదుట మనిషి కూర్చుండవలసిందే.

నల్లగొండ బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి తాను చూచిన కారాగార జీవితాన్ని ‘జైలు లోపల’ కథలుగా అందించి, గోడ వెనుక ఉన్నవారు మనవంటి మనుషులేనని తెలుగు పాఠకులకు చూపినారు. జైలులో వ్రాసిన అణుశాస్త్ర గ్రంథాన్ని అచ్చుకై బయటికి పంపుకొనే హక్కు నిర్బంధితునికి ఉన్నదని 1965లో సుప్రీంకోర్టు చెప్పినప్పుడు, ఆ తీర్పు వ్రాసినవారు మన రాజమహేంద్రవరపు కోకా సుబ్బారావుగారు. గ్రంథకర్త చేతి వ్రాత గోడ దాటవచ్చునన్నప్పుడు, రైతు చేవ్రాలు కూడా గౌరవంతో దాటాలి.

తెలంగాణ జైళ్ల శాఖ విద్యాదానం పేరిట, వేలిముద్రతో వచ్చినవాడు సంతకంతో వెళ్లాలన్న సంకల్పంతో ఖైదీలకు అక్షరాలు నేర్పించింది. మెచ్చదగిన పని. అయితే పేరు వ్రాయడం నేర్చినంత మాత్రాన చదువు పూర్తి కాలేదు. దేని క్రింద పేరు వ్రాస్తున్నానో తెలిసికొనడం, ఇష్టం లేనప్పుడు వ్రాయనని చెప్పగలగడం దాని రెండవ సగం. ఉపాధ్యాయులు పై తరగతుల పిల్లల ముందు ఒక వకాల్తునామానో, ఒక అధికారపత్రాన్నో పెట్టి వాక్యం వాక్యం విడదీసి చెప్పితే, రేపు వారు తమ ఇంటి పెద్దలకు చదివి వినిపిస్తారు. జైలులో ఉన్నవానికి చదివి వినిపించే బాధ్యతను మాత్రం ప్రభుత్వమే తీసికొనాలి. దానికి కొత్త చట్టం అక్కరలేదు; వారంలో ఒక రోజు, ఒక బల్ల, తొందరపెట్టని ఒక సాక్షి చాలును.