తగిలితే చెబుతాం
చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల నుంచి విమానాశ్రయ పనికి పోయే డ్రైవర్లు, లోడర్లు, మెకానిక్ హెల్పర్ల ఉద్యమ ప్రణాళిక

2025 ఏప్రిల్ 18న, మధ్యాహ్నం పన్నెండుంబావు ప్రాంతంలో, బెంగళూరు విమానాశ్రయంలో ఒక టెంపో ట్రావెలర్ వెళ్లి, నిలిపి ఉంచిన ఇండిగో విమానం ముక్కు కింద ఇరుక్కుంది. ఇంజిన్ పని జరగాల్సి ఉండి ఎగరకుండా ఆగిపోయిన విమానం అది. టెంపో పైకప్పు నుజ్జయిన ఫొటో చూసి దేశమంతా నవ్వుకుంది. డ్రైవరు కునుకు తీశాడని వార్తలొచ్చాయి. ఆ కునుకు ఎందుకు పట్టిందని అడిగినవాళ్లు తక్కువ. మేం అడగడానికే కూడుతున్నాం.

2008 మేలో దేవనహళ్లి దగ్గర ఆ విమానాశ్రయం తెరుచుకున్నాక మా ఊళ్ల పిల్లలకు కొత్త బతుకుతెరువు దొరికింది. బోర్లు ఎండిన సీమ మాది, ఆ జీతాన్ని చిన్నచూపు చూడం. కానీ బాగేపల్లి నుంచి పోయేవాడికి పోను రాను 100 కిలోమీటర్లకు పైనే. షిఫ్టు ఎనిమిది గంటలన్నా ఇల్లు వదిలి ఇల్లు చేరేసరికి ఎంతవుతుందో ఇంట్లోవాళ్లకే తెలుసు. మనిషి రాలేదని రెండో షిఫ్టు కూడా చెయ్యమంటే కాదనలేం. పైలట్లకు వారానికి 48 గంటల ఎడతెగని విశ్రాంతి ఉండాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ 2025 జూలై నుంచి నియమం తెచ్చింది. సబబే. అదే విమానం పొట్ట కిందికి బండి తోలేవాడి నిద్ర ఏ లెక్కలోకి వస్తుంది?

నిద్ర కన్నా భయం ఎక్కువ ప్రమాదం. 2005 డిసెంబరు 26న అమెరికాలోని సియాటిల్‌లో సామాను బండితో పనిచేస్తున్న ఒక కార్మికుడు అలాస్కా ఎయిర్‌లైన్స్ ఎండీ-83 విమానానికి బండి తగిలించాడు. ఎవరికీ చెప్పలేదు. విమానం దాదాపు 26,000 అడుగులకు చేరాక ఆ దెబ్బతిన్న చోట అడుగు పొడవున రేకు చిరిగి, లోపలి గాలి ఒత్తిడి పడిపోయింది. ప్రయాణికులు ఆక్సిజన్ మాస్కులు పెట్టుకున్నారు. పైలట్లు వెనక్కి తెచ్చి దించారు, అందరూ బతికారు. ఆ ఒక్క మాట నేల మీదే చెప్పి ఉంటే విమానం లేచేదే కాదు.

ఇప్పుడు పరిస్థితి ఇంకా కష్టం. అల్యూమినియం రేకుకు తగిలితే సొట్ట కనబడుతుంది. బోయింగ్ 787 లాంటివి కార్బన్ పోగుల మిశ్రమంతో చేసినవి; పైన గీత కూడా లేకుండా లోపలి పొరలు విడిపోవచ్చు. టార్చి వేసి చూసినా దొరకదు, ప్రత్యేక పరీక్ష చెయ్యాలి. ఆ పరీక్ష చెయ్యమని చెప్పగలిగినవాడు బండి స్టీరింగు దగ్గర కూర్చున్నవాడొక్కడే. చెబితే ఉద్యోగం పోతుందని వాడికి తెలిస్తే ఏం చేస్తాడు? మెట్లబండిని మెల్లగా వెనక్కి తీసి, అటూ ఇటూ చూసి, వెళ్లిపోతాడు. దొంగబుద్ధితో కాదు, ఇంటి అప్పు గుర్తొచ్చి.

అందుకే మా మొదటి డిమాండు జీతం కాదు. తగిలిన వెంటనే చెప్పినవాడిని ఆ కారణంతో పని నుంచి తీయకూడదు, నష్టం వాడి జీతంలో కోయకూడదు. తాగి నడిపినవాడికీ, తెలిసి దాచినవాడికీ ఈ రక్షణ అడగం. కాంట్రాక్టు ఏజెన్సీలు ఈ మాట నియామక పత్రంలోనే రాయాలి, నోటిమాట మాకొద్దు.

రెండు షిఫ్టులు వరసగా వేయడం ఆపాలి. రాత్రి షిఫ్టు దిగినవాడిని మరుసటి పొద్దున మళ్లీ పిలవకూడదు. బండి వెనక్కి తీసేటప్పుడు సైగ చేసే మనిషి, విమానాన్ని లాగేటప్పుడు రెక్కల చివర చూసే మనుషులు ఉండాలి; మనుషులు తక్కువైతే పని ఆగాలి, నియమం కాదు. విమానం దగ్గరికొచ్చే ముందు ఆగి బ్రేకు పరీక్షించడం డ్రైవరు పని. పట్టని బ్రేకున్న బండిని ఇవ్వకపోవడం యజమాని పని. దగ్గరికొస్తే తానే వేగం తగ్గించి ఆగే సెన్సర్ బండ్లు ఇప్పుడున్నాయి, అవి తేవాలి. ఖర్చంటారా? నేల మీద విమానాలకు తగిలే దెబ్బల ఖర్చు 2035 నాటికి ప్రపంచమంతటా ఏడాదికి దాదాపు 1000 కోట్ల డాలర్లకు చేరవచ్చని విమాన సంస్థల సమాఖ్య ఐఏటీఏనే 2022లో అంచనా వేసింది.

శిక్షణ కన్నడంలోనూ తెలుగులోనూ కావాలి. కైవారం తాతయ్య రెండు భాషల్లోనూ తత్వాలు పాడిన సీమ ఇది. బ్రేకు సంగతి ఇంగ్లీషులోనే నేర్చుకోవాలంటే ఎట్లా?

తొందర ఎందుకంటే, బెంగళూరులో మరమ్మతు పని పెరుగుతోంది. 35 ఎకరాల్లో కొత్త మరమ్మతు కేంద్రానికి ఎయిర్ ఇండియా 2024లో పని మొదలుపెట్టింది. విమానం హ్యాంగరులో ఉన్నన్నాళ్లూ దాని చుట్టూ లిఫ్టులు, నిచ్చెనలు, కరెంటు బండ్లు తిరుగుతూనే ఉంటాయి. ఎగిరే విమానం కాదుగదా అని అక్కడ జాగ్రత్త సడలుతుంది.

మాలో మాకూ కట్టుబాట్లున్నాయి. విమానం చుట్టూ గీసిన ఎర్ర గీత లోపల ఫోను ముట్టం. తోటివాడు తగిలించడం చూస్తే వాడికి మొదట చెబుతాం, వాడు చెప్పకపోతే మేమే సూపర్‌వైజరుకు చెబుతాం. దీన్ని చాడీ అన్నవాళ్లు మాతో కలవనక్కర్లేదు.

ఏ ఏజెన్సీవాళ్లయినా, పర్మినెంటయినా కాంట్రాక్టయినా, పని పోయినవాళ్లయినా సభ్యులు కావచ్చు. చందా నెలకొక టీ ఖర్చు మించదు. వెనకటి దెబ్బ దాచిపెట్టినవాళ్లనూ చేర్చుకుంటాం. చేరిన రోజే ఏ విమానం, ఎక్కడ తగిలిందో రాసివ్వాలి. ఆ కాగితాన్ని తనిఖీ ఇంజనీరుకు మేమే వెంట వెళ్లి ఇస్తాం.