మీకు ఆఫీసులో ప్రాణస్నేహితులున్నారా?

మంగళవారం పొద్దున పదకొండింటికి అక్కని మీటింగ్ రూమ్‌లోకి పిలిచారు. పన్నెండున్నరకి ఆమె లాప్‌టాప్ లాక్ అయిపోయింది. టిఫిన్ బాక్సూ, మనీప్లాంటూ, డెస్కు కింద చెప్పులూ ఒక సంచిలో వేసుకుని సెక్యూరిటీ గార్డు వెనక లిఫ్ట్ దాకా నడిచింది. ఆ ఫ్లోర్‌లో నలభైమందిమి ఉన్నాం. నలభైమందిమీ స్క్రీన్లలోకి చూస్తూ కూర్చున్నాం. నాకు ఈ పని నేర్పింది ఆమె. నేనూ స్క్రీన్‌లోకే చూశాను.

గురువారం మెయిల్ వచ్చింది. ఉద్యోగుల మనసు తెలుసుకోడానికి సర్వే అట. అందులో ఒక ప్రశ్న: మీకు ఆఫీసులో ప్రాణస్నేహితులున్నారా? ఒకటి నుంచి ఐదు దాకా మార్కులెయ్యాలి. ఈ ప్రశ్న మావాళ్ల సొంతం కాదు. గాలప్ సంస్థ తయారుచేసిన 12 ప్రశ్నల జాబితాలో పదోది ఇదే. ప్రపంచమంతా తిరిగి, రాయదుర్గం దగ్గర మా అద్దాల బిల్డింగ్‌కి సరిగ్గా ఆ గురువారమే చేరింది.

శుక్రవారం ఫన్ ఫ్రైడే. బెలూన్లు, అంత్యాక్షరి, పిజ్జా. హెచ్చార్ అమ్మాయి మైకు పట్టుకుని "మనమంతా ఒక ఫ్యామిలీ" అంది. మంగళవారం ఆ మీటింగ్ రూమ్‌లో కూర్చున్నదీ ఆ అమ్మాయే. ఆమెను తిట్టి లాభం లేదు. రేపు తన పేరు ఏ లిస్టులో ఉంటుందో ఆమెకీ తెలీదు.

టీమ్ మొరేల్ పడిపోయిందనీ, కోవిడ్ తర్వాత మనుషుల మధ్య బంధం తెగిపోయిందనీ, దాన్ని మళ్లీ కట్టాలనీ మేనేజర్లు అంటుంటారు. అందుకే వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మన్నారు. వస్తున్నాం. గంటన్నర ట్రాఫిక్‌లో వచ్చి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పుణేలో ఉన్నవాళ్లతో కాల్ మాట్లాడి, మళ్లీ గంటన్నర ట్రాఫిక్‌లో వెళ్తున్నాం. పక్క సీటు మనిషి తిన్నాడో లేదో కూడా తెలీదు. నేనడిగేది ఒకటే. ఈ బంధాన్ని తెంపిందెవరు? వైరస్సా?

అప్రైజల్ ఎలా జరుగుతుందో మీకు తెలుసు. టీమ్‌లో పదిమంది ఉంటే, పదిమందీ ప్రాణం పెట్టి పనిచేసినా, టాప్ రేటింగ్ ఇద్దరికే. ఎవరో ఒకరు అడుగున ఉండి తీరాలి. దాన్నే బెల్ కర్వ్ అంటారు. జీఈ కంపెనీని నడిపిన జాక్ వెల్చ్ దీన్ని 20-70-10 లెక్కతో ప్రసిద్ధం చేశాడు: పైన 20 శాతానికి బహుమానం, కింద 10 శాతానికి తలుపు. మైక్రోసాఫ్ట్ ఇలాంటి పద్ధతిని 2013లో వదిలేసింది. మా దగ్గర ఇంకా నడుస్తూనే ఉంది. అర్ధరాత్రి నీ కోడ్‌లో తప్పు వెతికి పెడితే నీ రేటింగ్ పెరుగుతుంది, నాది తగ్గుతుంది. ఏడాది పొడుగునా మమ్మల్ని ఒకరి మీదికి ఒకరిని ఉసిగొల్పి, డిసెంబర్‌లో ఒకే రంగు టీషర్టులు పంచితే బంధం వచ్చేస్తుందా?

ఆఫీసులో మానవ సంబంధాలు అనగానే మేనేజ్‌మెంట్ పుస్తకాలు చికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీ కథ ఎత్తుకుంటాయి. 1924లో మొదలైన ఆ ప్రయోగాలకి హార్వర్డ్ ప్రొఫెసర్ ఎల్టన్ మేయో పేరు తెచ్చిపెట్టాడు. మనుషుల్ని కాస్త పట్టించుకుంటే ఎక్కువ పనిచేస్తారన్నది ఆ కథలో పాఠం. మన పిజ్జాల మూలం అదే. కానీ ఆ కథకి రెండో సగం ఉంది. దాన్ని ఏ టీమ్ లంచ్‌లోనూ చెప్పరు.

1931 చివర్లో అక్కడే ఒక గదిలో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీ పరికరాలకి తీగలు బిగించే 14 మందిని గమనించారు. ఎంత ఎక్కువ చేస్తే అంత ఎక్కువ డబ్బు వచ్చే ఏర్పాటు. అయినా వాళ్లు రోజుకి ఇంత చాలని తమలో తామే ఒక లెక్క పెట్టుకున్నారు. ఉత్పత్తి పెంచితే రేటు కోస్తారు, లేదా కొందరిని తీసేస్తారని వాళ్ల భయం. ఎవరైనా మరీ ఉరుకులు పెడితే భుజం మీద ఒక్కటిచ్చేవాళ్లు. పని ఎగ్గొట్టినా ఊరుకోరు. పైవాళ్లకి చాడీలు చెబితే అసలే ఊరుకోరు. ఒకరి పనికి ఇంకొకరు చెయ్యి వెయ్యడం రూల్ ప్రకారం కుదరదు, కానీ వేసేవాళ్లు. 1932లో మాంద్యం వల్ల పనే లేకపోయి ఆ ప్రయోగం ఆగిపోయింది.

పని చోట మనుషుల మధ్య పుట్టే బంధం అంటే అదీ. పక్కవాడి పొట్ట మీద దెబ్బ పడకుండా చెయ్యి అడ్డం పెట్టడం. కంపెనీలకి మన స్నేహాలు కావాలి. ఆ స్నేహం ఎవరి కోసమైనా నోరు విప్పే పూట మాత్రం వద్దు. నా మాట ఇదే: ఆ రెండోది లేకుండా మొదటిది ఉండదు.

మీలో కొందరు అంటారు: "ఆఫీసు ఆఫీసే బాస్. పని చెయ్, జీతం తీసుకో, లాగౌట్ అవ్వు. స్నేహాలు బయట చూసుకో." నేనూ చాన్నాళ్లు ఇదే అన్నాను. కానీ మేలుకున్న టైమంతా అక్కడా, దారిలోనే గడిచిపోతుంటే ఆ బయట ఎక్కడుంది? పైగా, ఎవరితోనూ సంబంధం లేని మనిషిని లిఫ్ట్ దాకా నడిపించడం చాలా తేలిక.

కంపెనీకి కష్టాలుండవా అంటే, ఉంటాయి. ఉద్యోగాలు తగ్గించక తప్పని రోజూ రావచ్చు. కానీ గార్డుని వెంట పంపాలని ఏ కష్టం చెప్పింది? ముందుగా చెప్పండి. ఎంతమందో, ఎందుకో అందరి ముందూ చెప్పండి. వెళ్లేవాళ్లని వీడ్కోలు చెప్పుకోనివ్వండి. మిగిలినవాళ్లు ప్రశ్న అడిగితే గుర్తుపెట్టుకుని రేటింగ్‌లో కోత పెట్టకండి. బెల్ కర్వ్ తీసేయండి. ఫ్యామిలీ అనే మాట మానేయండి, ఏ ఇంట్లోనూ త్రైమాసికం లెక్కలు చూసి అక్కని గెంటెయ్యరు. వీటిలో చాలావాటికి పిజ్జా ఖర్చు కూడా కాదు.

ఇక మన సంగతి. అక్కకి నేను ఫోన్ చేసింది ఆదివారం. ఐదు రోజుల తర్వాత. ఏమనాలో తెలీక ఆలస్యం చేశాను, సిగ్గుతో ఇంకా ఆలస్యం చేశాను.

"ఎవరన్నా చేస్తారేమో అని ఫోన్ చేతిలోనే పట్టుకు కూర్చున్నా," అంది.

"సారీ అక్కా, ఆరోజు నేను..."

"నువ్వు మాట్లాడితే ఉద్యోగం ఆగేదా ఏంటి? లిఫ్ట్ దాకా వచ్చుంటే బావుండేది, అంతే."

సోమవారం టీ బండి దగ్గర నలుగురం ఒక మాట అనుకున్నాం. ఈసారి ఎవర్ని పిలిచినా లేచి, సంచి అందుకుని, లిఫ్ట్ దాకా కాదు, రోడ్డు దాకా నడవాలి. ఇది యూనియన్ కాదు, ఇంకా అంత ధైర్యం రాలేదు. సర్వేలో ఆ ప్రశ్నకి ఒకటి వేశాను. కింద కామెంట్ రాయడానికిచ్చిన గడిలో, గత మంగళవారం పన్నెండున్నరకి ఆమెను పంపించేశారని రాశాను. పేరు అడగని సర్వే అన్నారు కానీ, నా పేరు కూడా కింద పెట్టాను.