వాట్సాప్‌లో పాఠం వస్తోంది.. మరి ఇంట్లో ఫోన్ ఎవరి చేతిలో ఉంది?

కుల్కచర్ల: హోంవర్క్, పరీక్షల టైంటేబుల్, స్కాలర్‌షిప్ చివరి తేదీ.. ఏదైనా సరే, ఇప్పుడు ముందుగా క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లోనే వస్తోంది. ఒకప్పుడు బడిలో ఫోన్ కనిపిస్తే లాక్కునే టీచర్లమే ఇప్పుడు "గ్రూప్ చూశారా?" అని అడుగుతున్నాం.

ఈ మార్పు కరోనాతో వచ్చింది. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్లలో పాఠాలు మొదలయ్యాయి. టీవీ పాఠం చెబుతుంది కానీ పిల్లల డౌట్ వినదు కదా! ఆ లోటును వాట్సాప్ తీర్చింది. మాలో చాలామంది దాన్ని వాడుతూ వాడుతూనే నేర్చుకున్నారు. నాలుగు పేజీల పీడీఎఫ్ కంటే రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ ఎక్కువమందికి చేరుతుందని తెలిసింది. తెలుగు చదవడం రాని అమ్మీకి ఉర్దూలో చెబితే చాలు, పిల్లలను కూర్చోబెట్టి చదివిస్తుంది. అడ్మిన్లే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మారిస్తే గుడ్ మార్నింగ్‌ల కింద హోంవర్క్ మునిగిపోదు.

అయితే అసలు సమస్య వేరే ఉంది. దేశంలోని గ్రామీణ ప్రాంతాల్లో చేసిన అసర్ 2024 సర్వే ప్రకారం 14-16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చు. వాళ్లలో ముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం. సోషల్ మీడియా కోసం వాడినవారు 76 శాతం. సొంత ఫోన్ మగపిల్లల్లో 36 శాతం మందికి ఉంటే, ఆడపిల్లల్లో 27 శాతం మందికే ఉంది.

మన ఇళ్లలోనూ అంతే కదా? ఫోన్ అబ్బా జేబులో ఉంటుంది. ఆయన పని నుంచి వచ్చాక ముందు భాయీజాన్ చేతికి వెళుతుంది. ఆపా వంతు వచ్చేసరికి చార్జింగ్ ఉండదు, లేదంటే డేటా అయిపోతుంది. ఇక అమ్మాయి నంబర్ గ్రూప్‌లో అందరికీ కనిపిస్తుందనే భయం ఒకటి. ఆ భయం తప్పేమీ కాదు. అందుకే గ్రూప్‌లో పిల్లల నంబర్ కాకుండా అమ్మీ నంబర్ ఇవ్వండి. వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్‌లకు 13 ఏళ్లు నిండాలన్నది ఆ కంపెనీల నిబంధనే. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని చెబుతోంది.

టీచర్లకూ బాధ్యత ఉంది. ఏ పిల్లల మార్కులూ గ్రూప్‌లో పెట్టకూడదు. ఫోన్‌లో పంపిన ప్రతి పనినీ మర్నాడు బోర్డు మీద కూడా రాయాలి. ఫోన్ లేని పిల్లవాణ్ని "ఎందుకు చేయలేదు?" అని నిలబెట్టడం న్యాయం కాదు.

ఇంట్లో ఒక్కటే ఫోన్ ఉంటే మగ్రిబ్ తర్వాత ఒక గంట చదువుకే కేటాయించండి. అందులో అరగంట అబ్బాయికి, అరగంట అమ్మాయికి. ఆ గంట అమ్మీనో అబ్బానో పక్కనే కూర్చోవాలి. తెలియని లింక్ నొక్కి డబ్బులు పోతే పిల్లల్ని కొట్టకండి, వెంటనే 1930కి ఫోన్ చేయండి. కొడతారనే భయం ఉంటే పిల్లలు ఈసారి చెప్పరు.