పాముకు నిచ్చెన వేస్తున్నామా?

పిట్టల కోసం చెక్కపెట్టె చేసి, దానికి గుండ్రటి రంధ్రం తొలిచి, ఏ చెట్టుకో తగిలించడం మంచిపని అని మీకు బళ్లో చెప్పే వుంటారు. నేనూ కాదనను. కాని పాము ఎక్కకుండా ఏర్పాటు చేయని పెట్టె పెట్టడం కంటే అసలు పెట్టకపోవడమే మేలని నా అభిప్రాయం. ఇదేమిటి, మంచిపనికి అడ్డుపుల్ల వేస్తున్నాడు అనుకుంటున్నారా? కాస్త ఓపిగ్గా వినండి.

గూటిపెట్టెలను బాగా వాడే దేశాల్లో అమెరికా ఒకటి. అక్కడి తూర్పు రాష్ట్రాల్లో బ్లూబర్డ్ అనే పిట్ట వుంది. మన పిచ్చుక కంటే కాస్త పెద్దది. వీపు నీలం, రొమ్ము ఇటుకరంగు. దానికి తొర్రలో తప్ప గుడ్లు పెట్టడం తెలియదు. ఆ తొర్రను తనంత తాను తొలుచుకోనూ లేదు. వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసినదానిలో కాపురం పెడుతుంది. ఎండిన చెట్లను నరికేసేసరికి తొర్రలు తగ్గాయి. మిగిలిన వాటిని యూరప్ నుంచి తెచ్చి వదిలిన పిచ్చుకలూ స్టార్లింగులూ ఆక్రమించుకున్నాయి. (అవును, ఇక్కడ మనం కరువైందని బెంగపడుతున్న ఇంటిపిచ్చుకే! అక్కడ అది దౌర్జన్యపరుడు.) ఇరవయ్యో శతాబ్దం మధ్యకల్లా బ్లూబర్డులు బాగా తగ్గిపోయాయి.

1934లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని క్విన్సీ పట్టణంలో థామస్ మసెల్మన్ అనే ఆయన దారుల వెంట వరసగా పెట్టెలు పెట్టడం మొదలుపెట్టాడు. 1978లో లారెన్స్ జెలెనీ ఈ పని కోసమే ఒక సంఘం స్థాపించాడు. ఇళ్ల పెరళ్లలో, పొలాల కంచెల వెంట ఎంతోమంది పెట్టెలు పెట్టారు. బ్లూబర్డులు మళ్లీ పెరిగాయి.

ఆ పెట్టెకు పెట్టే రంధ్రం వెడల్పు 38 మిల్లీమీటర్లు. స్టార్లింగు దానిలో పట్టదు. పిల్లి పట్టదు. పాముకు మాత్రం అది సింహద్వారమే!

అక్కడ ర్యాట్ స్నేక్ అనే పాము వుంది. మన జెర్రిపోతునూ ఇంగ్లీషులో అలాగే అంటారు గాని రెండూ వేరు. విషం లేదు. ఎలుకలంటే దానికి ప్రీతి, గుడ్లన్నా పిల్లలన్నా కూడా ప్రీతే. దాని పొట్టకింది పొలుసుల అంచులు కాస్త కోణంగా వుంటాయి. చెట్టు బెరడులో ఏ చిన్న పగులు దొరికినా అంచు ఆనించి, చేతులూ కాళ్లూ లేకుండానే నిటారుగా పైకి పాకిపోతుంది. పెట్టెలోకి తల దూర్చాక ఇక చెప్పేదేముంది? పెట్టెకు రెండో దారి లేదు. రెక్కలు రాని పిల్లలు ఎక్కడికి పోతాయి?

"పాము మాత్రం బతకొద్దా? అది ప్రకృతి ధర్మం కదా" అని మీలో ఎవరైనా అడగవచ్చు. మంచి ప్రశ్న. చెట్టుతొర్ర విషయంలో నేను ఒప్పుకుంటాను. అడవిలో తొర్రలు ఒక్కొక్కటి ఒక్కోచోట, ఒక్కో ఎత్తులో వుంటాయి. పాము వెతుక్కోవాలి. పిట్టకూ చోటు ఎంచుకునే అవకాశం వుంది. మన పెట్టెలో? చోటు మనం ఎంచాం. ఎత్తు మనం ఎంచాం. పైగా కంచె వెంట వరసగా, మనిషి ఎత్తులో, విస్తరి వేసినట్టు పెట్టాం. పిట్టను పిలిచింది మనమే గనుక పూచీ కూడా మనదే. ఇందులో ప్రకృతిని సాక్షికి పిలవడం న్యాయం కాదు.

మరి ఏం చేయాలి? ముందు చేయకూడనివి చెబుతాను. కొందరు గుంజకు గ్రీజు పూస్తారు. అది పిట్ట ఈకలకు అంటితే ఈకలు పాడవుతాయి. దుమ్ముపట్టి ఎండిపోయాక పాముకు అడ్డూ కాదు. కొందరు గుంజ చుట్టూ సన్నని నైలాన్ వల చుడతారు. పాము ఆ కన్నుల్లో సగందాకా దూరి, ముందుకూ వెనక్కూ పోలేక ఎండకు మాడి చస్తుంది. ఇక కర్ర పుచ్చుకునేవాళ్ల సంగతి చెప్పనే అక్కరలేదు. ఎలుకల్ని తినే పామును చంపి పిట్టను కాపాడామనుకునే లెక్క నాకు అర్థం కాదు.

అసలు ఉపాయం చాలా చవక. పెట్టెను చెట్టుకు కట్టకుండా నున్నటి ఇనపగొట్టం మీద నిలపాలి. పెట్టెకు దిగువన ఆ గొట్టానికి ఇంకో వెడల్పాటి రేకుగొట్టం తొడగాలి. 20 సెంటీమీటర్ల వెడల్పు, కనీసం 60 సెంటీమీటర్ల పొడవు, పైభాగం వలరేకుతో మూసి, కాస్త వదులుగా వేలాడేటట్టు. పాము గొట్టం పాకుతూ వచ్చి రేకుగొట్టంలోపలికి పోతుంది. పైన దారి లేదు. బయటనుంచి ఎక్కుదామా అంటే చుట్టుకోవడానికి మరీ లావు, పొలుసు ఆనడానికి మరీ నునుపు. దిగిపోతుంది. ఇందులో ఎవరికీ దెబ్బ తగల్లేదు చూడండి. అయితే పక్కనే చెట్టుకొమ్మ వాలివుంటే ఈ శ్రమంతా దండగ. పాము పైనుంచి దిగుతుంది.

ఇక్కడితో ఆపవచ్చు. కాని ఈ రేకుగొట్టాన్ని ఓడించిన పాము కథ చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్ణవుతాను.

పసిఫిక్ సముద్రంలో గ్వామ్ అనే దీవి వుంది. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఓడసామాన్లలో దాక్కుని గోధుమరంగు చెట్టుపాము ఆ దీవికి చేరింది. అటువంటి శత్రువును ఎరగని అడవిపక్షులు దానికి వండిపెట్టిన భోజనమయ్యాయి. పన్నెండు జాతుల్లో పది ఆ దీవి అడవుల నుంచి మాయమైపోయాయి. దీనికి కారణం పామేనని 1987లో జూలీ సావిడ్జ్ అనే శాస్త్రజ్ఞురాలు నిరూపించింది. మిగిలిన కొద్దిపాటి పక్షుల్లో సాలీ అనేది ఒకటి. మన గోరింక కుటుంబానిదే. పళ్లు తిని గింజల్ని విరజిమ్మేది ఇప్పుడు అక్కడ ముఖ్యంగా అదే గనుక, అది పోతే కొత్త చెట్లు మొలిచే దారీ మూసుకుపోతుంది.

ఆ సాలీ గూటిపెట్టెల కోసమే సావిడ్జ్ బృందం మీటరుకు కాస్త తక్కువ పొడవున్న రేకుగొట్టాన్ని పరీక్షించింది. రాత్రి తీసిన వీడియోలో ఏం కనబడిందో తెలుసా? తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు మోకు వేసుకోవడం మీరు చూసేవుంటారు. పాము తన వొంటినే మోకు చేసుకుంది! గొట్టం చుట్టూ ఒకే చుట్టు వేసి, తోకతో ముడి బిగించి, ఆ చుట్టులోనే చిన్నచిన్న వంపులు జరుపుతూ పైకి పోయింది. జారుతుంది, ఆగుతుంది, ఆయాసపడుతుంది, మళ్లీ ఎక్కుతుంది. పాములకు నాలుగురకాల నడకలే వున్నాయని అంతవరకూ పుస్తకాల్లో వుండేది. ఇది అయిదోది. 2021 జనవరిలో ఈ సంగతి ప్రకటించారు.

మోకు వేయాలంటే చుట్టు సరిపోవాలి గదా. కనుక అక్కడ చుట్టు అందని ఆకారంలో, గరాటులా వెడల్పయ్యే అడ్డు కావాలి. అన్నట్టు, గ్వామ్‌లో ఈ పామును పట్టి తగ్గించడాన్ని నేను తప్పుపట్టను. అది అక్కడిది కాదు, మనుషులు మోసుకొచ్చినది. అమెరికాలోని ర్యాట్ స్నేక్ మాత్రం ఆ నేలదే.

ఇక మన సంగతి. 2010 నుంచి ప్రతి మార్చి 20న పిచ్చుకల దినం జరుపుకుంటూ బళ్లలో పెట్టెలు పంచుతున్నారు. వాటిని చాలామంది వేపచెట్టుకో, గోడమీది తీగ పక్కనో తగిలిస్తారు. మన జెర్రిపోతు చెట్టూ ఎక్కుతుంది, ఇంటికప్పూ ఎక్కుతుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం దాన్ని చంపడం నేరం కూడా. కనుక మీకు పెట్టె ఇస్తే, తీగలూ కొమ్మలూ అందని నున్నటి గోడ వుందా అని చూడండి. లేకపోతే ఇనపగొట్టం, రేకుగొట్టం సంపాదించండి. పాత ఇనపసామాను కొట్టులో దొరుకుతాయి. రెండూ కుదరకపోతే పెట్టెను అటకమీద పెట్టి, పిచ్చుకలకు మూకుడులో నీళ్లు పెట్టండి.